కండపోగు

భార్గవ ఆ గడియను విప్పుతున్నప్పుడు హైమవతి షెడ్డులోనే ఉంది. విమానం రెక్క కింద చతికిలబడి బ్రేకు గొట్టం చూస్తున్నట్టు నటిస్తూ, చెవులు మాత్రం పైనే పెట్టుకుంది. మరలు ఒక్కొక్కటీ ఊడి రేకు మీద పడుతుంటే ఆ చప్పుడు ఆమె పళ్ళ సందున ఇసుకలా కరకరలాడింది.

"అక్కా, ఇది దాచుకుంటావా?" అన్నాడు తమ్ముడు, గడియను గాలిలో ఆడిస్తూ.

"నాకెందుకు? పాతినుప సామాన్లో వెయ్యి."

ఆ గడియను ఆమే చేసింది. హైమవతి ఒంగోలులో ఐటీఐ పిల్లలకు ఫిట్టర్ పని నేర్పే పంతులమ్మ. ఉక్కు ముక్కను ఆకురాయితో అరగదీసి, వేలితో తడిమి, మళ్ళీ అరగదీసి, ఒక్క లాగుతో విమానంలో సీట్ల మీది అద్దపు మూత తెరుచుకునేట్టు చేసింది. వాళ్ళ నాన్న పొగాకు వెయ్యడం మానేశాక ఖాళీపడ్డ గ్రేడింగు షెడ్డులో అక్కాతమ్ముళ్ళిద్దరూ ఆరేళ్ళుగా ఆ విమానం కడుతున్నారు. రెండు సీట్లు, రేకు ఒళ్ళు, ముందు చిన్న ఇంజను. ఊరి బయట ఎప్పుడో యుద్ధకాలంలో వేసి వదిలేసిన రన్‌వే ఒకటుంది. దానిమీద పిచ్చిచెట్లు కొట్టించి, పగుళ్ళు పూడ్పించి, అనుమతులు తెచ్చుకున్నారు. నడిపే లైసెన్సు భార్గవది. పక్క సీటు అక్కది. అది ఎవరూ చెప్పుకోని ఒప్పందం.

కిందటేడు భార్గవ పెళ్ళి చేసుకున్నాడు. మృదులది విశాఖపట్నం. కృత్రిమ కండరాల మీద పరిశోధన చేసిన మనిషి. వచ్చిన కొత్తలో షెడ్డు గుమ్మంలో నిలబడి, "లోపలికి రావచ్చా వదినా?" అని అడిగేది. తర్వాత అడగడం మానేసింది. షెడ్డు పక్కన ఒకప్పుడు పొగాకు ఆరబెట్టిన బ్యారన్‌ను కడిగించి తన ప్రయోగశాలగా మార్చుకుంది. ఇప్పుడు పక్క సీటులో కుషను కూడా ఆమె కొలతలకే కుట్టించారు.

మృదుల కనిపెట్టినదాన్ని ఇంట్లో అందరూ కండపోగు అనేవాళ్ళు. పట్టుపురుగు కణాలనుంచి తొట్టెల్లో పెంచిన దారం అది. చూపుకు జనపనార పురిలా ఉంటుంది. చిన్న బ్యాటరీ కరెంటుకు బిగుస్తుంది, విడుస్తుంది. మోటారు లేదు, పళ్ళచక్రాలు లేవు. దాన్ని మూత అంచు చుట్టూ అల్లితే మూత తనంతట తాను లేస్తుంది. మూసుకున్నాక గాలి ఈల కూడా వెయ్యనంత గట్టిగా అతుక్కుంటుంది. మూతకు లోపలొకటి, బయటొకటి అరచేతంత పలకలున్నాయి. వాటిమీద చెయ్యి పెడితే చాలు. పోగు చర్మంలోంచి నాడి పట్టుకుంటుంది. బతికున్న మనిషి చెయ్యి అని తెలిస్తేనే కదులుతుంది. కొమ్మ తగిలినా, వాన పడినా కదలదు.

"తూకం వేశావా?" అని తమ్ముణ్ణి అడిగింది హైమవతి, మొదటిసారి ఆ మాట వచ్చినప్పుడు. "పోగు, బ్యాటరీ, పలకలు అన్నీ కలిపి నా గడియకు ఎన్ని రెట్లో చూశావా? గాలిలో కూచునేవాడికి ప్రతి వస్తువూ బరువే. పైగా కొత్త వస్తువు పెడితే కొత్త జబ్బు తెచ్చుకున్నట్టు. లేని భాగం చెడిపోదురా."

"మూత సందుల్లో గాలి దూరక వేగం పెరుగుతుంది వదినా. ఆ లాభంలో ఈ బరువు కొట్టుకుపోతుంది," అంది మృదుల మెల్లగా. కాగితం మీద లెక్క చూపించింది. లెక్క సరిగ్గానే ఉంది. హైమవతికి మండింది అందుకే.

"సరే, పెట్టుకోండి. గడియ కూడా ఉంచండి. ఎందుకైనా మంచిది."

"గడియ ఉంటే అక్కడ పోగు తెగుతుంది. అతుకు కుదరదు," అన్నాడు భార్గవ. "ఒక తలుపుకి రెండు తాళాలేంది అక్కా?"

అలా గడియ పోయింది.

* * *

ఒక ఆదివారం తమలాగే ఇళ్ళలో విమానాలు కట్టుకునే మిత్రులు గుంటూరు నుంచీ నెల్లూరు నుంచీ చూడ్డానికి వచ్చారు. ఒక్కొక్కరూ పలక మీద చెయ్యి ఆనించడం, మూత పువ్వు విచ్చినట్టు లేవడం, అందరూ అబ్బా అనడం. భార్గవ రన్‌వే మీద ఆ చివరకూ ఈ చివరకూ పరుగెత్తి వచ్చి, రొప్పుతూ, చెమటలు కక్కుతూ చెయ్యి పెట్టాడు. అప్పుడూ లేచింది. చప్పట్లు కొట్టారు. "అమ్మాయి బుర్రే బుర్ర! ఇన్నాళ్ళూ నువ్వు చేసిందంతా ఒకెత్తు, ఈ మూత ఒకెత్తు," అన్నాడు నెల్లూరాయన భార్గవ వీపు తట్టి.

ఇన్నాళ్ళూ చేసిందాంట్లో సగం చేతులు ఎవరివో ఆయన అడగలేదు. భార్గవ చెప్పనూ లేదు.

"వదినా, మీరూ రండి," అని పిలిచింది మృదుల.

హైమవతి వెళ్ళి చెయ్యి పెట్టింది. మూత కదల్లేదు. ఇంకా గట్టిగా నొక్కింది. పోగు కిర్రుమని మరింత బిగుసుకుంది. చేయి తీసి, కొంగుకు తుడుచుకుని మళ్ళీ పెట్టింది. లాభం లేకపోయింది.

"దానికి కూడా తెలిసిపోయిందక్కా, నీకది నచ్చలేదని!" అన్నాడు భార్గవ. అందరూ నవ్వారు. మృదుల నవ్వలేదు గాని, ఆమె ముఖంలో కనిపించిన జాలి నవ్వుకన్నా ఎక్కువగా తగిలింది హైమవతికి. వంటింట్లోకి వెళ్ళి, వచ్చినవాళ్ళకు చేసిన పులిహోరలో ఉప్పు సరిపోయిందో లేదో మూడోసారి చూసింది.

ఆ వారంలో ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆమె ఒక్కతే షెడ్డుకు వెళ్ళింది. చల్లగా ఉంది. పాత పొగాకు వాసన గోడలనింకా వదల్లేదు. పలక మీద చెయ్యి పెట్టింది. మూత మెత్తగా లేచి నిలబడింది. మూసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ లేచింది. చిన్నపిల్లలా మరో రెండుసార్లు ఆడుకుంది.

అంతలో బయట మోటారు సైకిలు ఆగింది. మృదుల నవ్వు వినిపించింది. "పక్క సీట్లో కూచుంటే సముద్రం నావైపు కనిపించాలి, ముందే చెప్తున్నా," అంటోంది ఆమె. "నీవైపే తిప్పుతా తల్లీ," అంటున్నాడు తమ్ముడు. హైమవతి చెయ్యి ఇంకా పలక మీదే ఉంది. అరచెయ్యి చల్లబడి, తడిసి, గుండె చెవుల్లో కొట్టుకోవడం ఆమెకే తెలిసింది. సగం లేచిన మూత గక్కున ఆగింది. తర్వాత దవడ కరిచినట్టు మూసుకుంది.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, ఎవరికీ కనపడకుండా వెనక తలుపులోంచి ఇంటికి నడిచింది. నడుస్తూండగానే సంగతి అర్థమైంది. ఇరవై ఏళ్ళు యంత్రాలతో గడిపిన బుర్ర అది. తన ఏడుపును కూడా లెక్కలోకి తీసుకోగలదు. పరుగెత్తినప్పుడు పట్టే చెమట ఒళ్ళంతా పడుతుంది. భయానికీ కోపానికీ ఉడుకుమోత్తనానికీ పట్టే చెమట అరచేతుల్లోనే పడుతుంది. తడి చేతిలోంచి నాడి రెట్టింపు బలంగా పోగులోకి దూకుతుంది. గుండె దడదడలాడుతుంటే ఒక దెబ్బ ఇంకా ఆరకముందే ఇంకో దెబ్బ వచ్చి పడుతుంది. విడవడానికి పోగుకు తెరిపి ఉండదు. ధనుర్వాతంలో దవడలాగా బిగుసుకుపోతుంది. మృదుల సాయంకాలాలు పాటలు వింటూ, ఒళ్ళో పెట్టుకుని దానికి చెయ్యి అలవాటు చేసింది. భయపడ్డ మనిషి చెయ్యి ఎలా ఉంటుందో అది ఎన్నడూ ఎరగదు.

అంటే, మూత తెరుచుకోవలసిన అసలైన క్షణంలో అది తెరుచుకోదు.

ఈ మాట చెప్పాలి. ఎలా చెప్పాలి? "పరుగెత్తి చూశాంగా" అంటారు. "మరి నీకు భయం దేనికి? కోపం ఎవరిమీద?" అని అడుగుతారు. నువ్వు నవ్వితే నా గుండె అలా కొట్టుకుంటుంది మృదులా, అని చెప్పాలి. తమ్ముడి ముందు చెప్పాలి. అంతకన్నా రన్‌వే మీద బట్టలిప్పి నిలబడటం తేలికనిపించింది ఆమెకు.

రాత్రి భోజనాల దగ్గర సగమే చెప్పింది. "ఆ పోగు మీద నాకు నమ్మకం లేదురా. ఒక్కోసారి పట్టేస్తోంది. గడియ మళ్ళీ పెట్టు."

"నీకొక్కదానికే పట్టేస్తోంది," అన్నాడు భార్గవ పెరుగు కలుపుకుంటూ.

"ఎప్పుడు పట్టేసింది వదినా? ఎలాంటప్పుడు? చెప్పండి, రాసుకుంటాను," అంది మృదుల ఆత్రంగా.

ఆ ఆత్రం నిజమైనదే. ఆ క్షణంలో చెప్పి ఉంటే సరిపోయేది. కానీ భార్గవ పెళ్ళాంకేసి చూసి, "వదిలెయ్ మృదులా. మా అక్కది ఓర్వలేనితనం. ఇంకొకరు చేసింది ఆమెకు కంటికానదు," అన్నాడు. తమాషాకే అన్నాడు. హైమవతి ముద్ద మింగి, "మజ్జిగ పోసుకో," అని లేచిపోయింది.

* * *

విమానం మొదటిసారి ఎగిరిన పొద్దున ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. భార్గవ ఒక్కడే ఎక్కాడు. అంతా సవ్యంగా ఉంటేనే మృదులను ఎక్కించుకుంటానన్నాడు. మూత మూసుకుంది. విమానం కంకర మీద ఎగిరెగిరిపడి, ఉన్నట్టుండి నేలను మరిచిపోయినట్టు లేచింది. మృదుల హైమవతి చెయ్యి గట్టిగా పట్టుకుంది. హైమవతి విడిపించుకోలేదు. తన చేత్తో రివెట్లు కొట్టిన రెక్క ఎండలో తళుక్కుమంటుంటే, కాసేపు ఆమెకు ఎవరిమీదా ఏ కోపమూ గుర్తులేదు.

దిగేటప్పుడు జరిగింది. చక్రాలు నేలకు ఆని పరుగెడుతుండగా తుమ్మచెట్ల లోంచి అడవిపందుల గుంపు అడ్డం వచ్చింది. భార్గవ పక్కకు తిప్పాడు. ఒక చక్రం విరిగింది. విమానం రెక్క ఈడ్చుకుంటూ వెళ్ళి కాలవగట్టుకు ముక్కు కొట్టుకుని ఆగింది.

వాళ్ళు పరుగెత్తి చేరేసరికి పెట్రోలు బొట్లు బొట్లుగా కారుతోంది. మూత నాలుగు వేళ్ళ మందం లేచి ఉంది. భార్గవ ఆ సందులోకి రెండు చేతుల వేళ్ళూ దూర్చి పైకి నెడుతున్నాడు. మృదుల ముందుగా చేరి బయటి పలక మీద చెయ్యి వేసింది. మూత కిర్రుమని దిగింది. భార్గవ కేక వేశాడు. ఆమె ఏడుస్తూ ఇంకో చెయ్యి కూడా వేసింది. మూత ఇంకా దిగింది.

"తియ్యి! చెయ్యి తియ్యి!" హైమవతి ఆమెను నడుం పట్టుకుని వెనక్కి లాగేసింది. "నీ భయానికే అది బిగుస్తోంది!"

"కరెంటు తీసేస్తా..."

"తీస్తే బిగిసింది బిగిసినట్టే ఉండిపోతుంది. నువ్వు చెప్పిందేగా!"

మృదుల నిర్ఘాంతపోయి ఆమెను చూసింది. అవును, కండ విడవడానికి కూడా శక్తి కావాలి.

హైమవతి రెక్క మీదికి ఎక్కింది. తన చేతులు చూసుకుంది. తడిసిపోయాయి. అవి పనికిరావు. ఇనుప రాడ్డుతో అద్దాన్ని కొడితే నిప్పు రవ్వ లేస్తుంది, పైగా అది పగిలే అద్దం కాదు. ఆమె ఆ సన్నటి సందు దగ్గర నోరు పెట్టింది. "ఒరే చిన్నోడా, నా మాట విను. నీ ముందున్న పలకకి చెంప ఆనించు. నిదానంగా ఊపిరి తీసుకో. నీ గుండె నెమ్మదిస్తే అది వదుల్తది."

"వేళ్ళక్కా... నా వేళ్ళు..."

"తెలుసురా. చెంప ఆనించు. నేనిక్కడే ఉన్నా."

అతను ఆనించాడు. కానీ వేళ్ళు నలుగుతున్నవాడి గుండెను నెమ్మదించమంటే నెమ్మదిస్తుందా? పోగు అంగుళం కూడా వదల్లేదు. పెట్రోలు వాసన లోపల నిండుతోంది. ఆమె ఏవేవో చెబుతూనే ఉంది. చిన్నప్పుడు బ్యారన్‌లో దాక్కున్న సంగతి, నాన్న కొట్టబోతే తను అడ్డంపడ్డ సంగతి. అతని మూలుగు సన్నబడింది. కళ్ళు తేలిపోయాయి. బాధకు తాళలేక స్పృహ తప్పి ముందుకు వాలాడు. చెంప పలక మీదే ఉండిపోయింది.

అప్పుడు మూత లేచింది. ఆదివారం నాడు మిత్రుల ముందు లేచినంత అందంగా, మెత్తగా లేచింది.

* * *

ఒంగోలు ఆసుపత్రిలో కుడిచేతి మూడు వేళ్ళు తీసేశారు. ఎడమచేతి వేళ్ళు ఉన్నాయి గాని ముడుచుకోవన్నారు. ప్రాణానికి భయం లేదని చెప్పి డాక్టరు వెళ్ళిపోయాక, వరండాలో బల్లమీద ఆ ఇద్దరు ఆడవాళ్ళే మిగిలారు.

"మీకు తెలుసు వదినా," అంది మృదుల. అడుగుతున్నట్టు కాదు.

తెలియదనొచ్చు. అప్పటికప్పుడు తట్టిందనొచ్చు. నమ్ముతుంది కూడా.

"తెలుసు," అంది హైమవతి. "నువ్వు పక్కనుంటే నాకు తెరుచుకోదు. నేనొక్కదాన్నే ఉంటే తెరుచుకుంటుంది. ఎందుకో కనుక్కున్నా."

"మరి..."

"చెప్పాలంటే, నిన్ను చూస్తే నా లోపల ఏమవుతుందో చెప్పాల. వాడు నవ్వుతూ నీవైపు తిరిగినప్పుడల్లా నా గుండె ఎట్టా కొట్టుకుంటుందో చెప్పాల. నోరు రాలేదు. సిగ్గుకి వాడి వేళ్ళు తినేశాను."

 మృదుల లేచి, చెప్పులు వేసుకుని, మంచినీళ్ళ సీసా నింపుకుని గదిలోకి వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది. భార్గవ ఇంటికొచ్చిన తర్వాత కూడా ఆమె హైమవతితో మాట్లాడలేదు. అన్నం వడ్డించేది, మంచినీళ్ళు పెట్టేది, మాట మాత్రం లేదు. హైమవతి మాట్లాడమని అడగలేదు.

భార్గవకు మాత్రం ఒకటే ధ్యాస. విరిగిన రెక్క బాగుచేయించాలి, మళ్ళీ ఎగరాలి. డాక్టర్లూ అధికారులూ ఎప్పటికి ఒప్పుకుంటారో తెలియదు, అసలు ఒప్పుకుంటారో లేదో తెలియదు. "నడిపే కడ్డీని అరచేత్తో నొక్కి పట్టుకోగలనక్కా. కాళ్ళకేం రోగం?" అనేవాడు. ఆ పోగు పేరెత్తితే మాత్రం ముఖం తిప్పుకునేవాడు. "నువ్వు చెప్పిందే నయం. గడియ పెట్టు. సాదాగా ఉండాల."

ఆ మాట కోసమే ఆమె ఏడాదిగా కాచుకుని ఉంది. తీరా విన్నాక నోట్లో బూడిద పోసినట్టయింది. కొత్త గడియ చేసింది. భార్గవ కూర్చుని లాగబోయాడు. మిగిలిన వేలూ బొటనవేలూ జారిపోయాయి. ఎడమ చేత్తో ప్రయత్నించాడు. ముడుచుకోని వేళ్ళు ఉక్కు మీద కర్రల్లా తగిలి ఊరుకున్నాయి. పొడుగు పిడి చేసింది. తాడు కట్టింది. మోచేత్తో నెట్టే గడియ చేసింది. మోచేతికి తెరుచుకునేది గాలి కుదుపుకి కూడా తెరుచుకుంది. పదిమంది పిల్లలకు ఫిట్టర్ పని నేర్పిన చెయ్యి, అంతకన్నా సాదా గడియను ఊహించలేకపోయింది. ఎంత సాదా వస్తువైనా, దాన్ని పట్టుకోవడానికి ఓ పిడికిలి కావాలి. వాడికది లేదు.

ఆ సాయంత్రం ఆమె బ్యారన్ గుమ్మంలో నిలబడింది. లోపల మృదుల తొట్టెల మధ్య ఒంటరిగా కూర్చుని ఉంది. ప్రమాదం తర్వాత చీకటిగా ఉండిపోయిన ఆ బ్యారన్‌లో వారం రోజులుగా మళ్ళీ దీపం వెలుగుతోంది.

"లోపలికి రావచ్చా?" అని అడిగింది హైమవతి.

మృదుల తలెత్తింది. రమ్మనలేదు, వద్దనలేదు.

"వాడికి నీ పోగే కావాల. గడియ పనికిరాదు. నేను చూశా."

మృదుల ఒక తొట్టెవైపు చూపించింది. "రెండో పోగు వేస్తున్నాను. మన చేతిలో కండలకు జోడీ ఉన్నట్టు. ఒకటి బిగుసుకుపోతే రెండోది పట్టి విడిపిస్తుంది. కానీ పరీక్షించడం ఎలాగో తెలియడంలేదు. భయం నటిస్తే అరచెయ్యి తడవడంలేదు. దానికి నిజమే కావాలి." కాస్త ఆగి, బల్ల మీద చేసిపెట్టుకున్న నమూనా మూత తాలూకు పలకను హైమవతివైపు జరిపింది. "మీ దగ్గరుంది కదా."

ఆ మాటలో కసి ఉంది. ఉండాల్సినదే. హైమవతి కుర్చీ లాక్కుని కూర్చుని చెయ్యి పెట్టింది.

ఇక రోజూ అదే పని. ఎదుట తెరమీద ఆమె గుండె ఒక పచ్చగీతగా పరుగెత్తేది. దాచుకోవడానికి ఏమీ ఉండేదికాదు. మృదుల ఒకరోజు పెళ్ళి ఫొటోలు చూపించింది. ఒకరోజు తామిద్దరూ అరకు వెళ్ళిన కబుర్లు చెప్పింది. గీత కొండలెక్కింది. పోగు బిగుసుకుంది. "బాగుంది," అని రాసుకుంది మృదుల, రోగిని చూసే డాక్టరులా. మొదట్లో హైమవతికి ఆ గీతను చూస్తే చచ్చిపోవాలనిపించేది. తర్వాత్తర్వాత తన బీపీ తాను చూసుకున్నట్టు చూసుకోవడం అలవాటైంది.

"ఇవాళ తక్కువగా ఉందేంటి వదినా?" అని అడిగింది ఒకనాడు మృదుల.

"జలుబు చేసిందిలే."

మృదుల పెదవి చివర ఏదో కదిలింది. వెంటనే తల వంచుకుని పోగు సర్దుకుంది.

వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం భార్గవ తడుస్తూ బ్యారన్‌లోకి వచ్చాడు. పరీక్ష జరుగుతోందని అతనికి తెలియదు. "ఆకలేస్తోంది," అని మృదుల పక్కన కూలబడ్డాడు. ఆమె టిఫిను విప్పి ముద్ద కలిపి నోటికందించింది. మిగిలిన ఆ వేలితో అతను ఆమె చెంప మీది వానచుక్క తుడిచాడు. ఇద్దరికీ బయటి లోకం పట్టలేదు.

ఆ పిల్లవాడికి చిన్నప్పుడు అలాగే ముద్దలు పెట్టిన హైమవతి, పలక మీద చెయ్యి తియ్యకుండా చూస్తూ కూర్చుంది. అరచెయ్యి చల్లబడింది. తడిసింది. తెరమీద గీత ఎన్నడూ లేనంత ఎత్తుకు లేచింది. మొదటి పోగు ఈడ్చి బిగుసుకుంది.  రెండో పోగు దాన్ని అందుకుని, పట్టుకుని, మెల్లగా విడదీసింది. బల్ల మీదున్న నమూనా మూత పూర్తిగా తెరుచుకుంది.

ముద్ద పట్టుకున్న మృదుల చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆమె మూతను చూసింది. తర్వాత గీతను చూసింది. అది ఎందుకు అంత ఎత్తు లేచిందో ఆమెకు తెలుసు. భర్తకు చెప్పలేదు.

"తెరుచుకుంది," అంది.

"ఒక్కసారి చాలదు," అంది హైమవతి. మూతను నొక్కి మూసి, తడిచెయ్యి మళ్ళీ పలక మీద పెట్టింది. "వాడికి ఇంకో ముద్ద పెట్టు."